లాటిన్ ప్రార్థన పుస్తకంలో ఇరవై ఊదా గుర్తులు

2023 మార్చి మొదటి వారం. తాతల కాలంలో తెలుగువాళ్లు రబ్బరు తోటల పనికి వలస వచ్చిన దేశం మాది. బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్ మేడ మీద ఉన్న చిన్న గదే నా ఆఫీసు. మరుసటి సంవత్సరం గోడ క్యాలెండర్లకు తిథుల పట్టికలు తయారుచేసే పని అప్పుడే మొదలుపెట్టాను.

నేను జ్యోతిష్కుణ్ణి కాను. జాతకాలు చూడను, ముహూర్తాలు పెట్టను. ఫారం ఫైవ్, అంటే ఇక్కడి హైస్కూలు చివరి తరగతి, వరకు చదివి, రబ్బరు గ్లవ్స్ ఫ్యాక్టరీలో స్టోర్ క్లర్కుగా పద్దెనిమిదేళ్లు పనిచేశాను. మా వీధిలో రెండు గుళ్లలో ఏకాదశి రెండు వేర్వేరు రోజుల్లో ఎందుకు జరుగుతోందన్న అనుమానం నన్ను ఈ పనిలోకి లాగింది. ఒక గుడిలో ఇండియా పంచాంగం ఉన్నది ఉన్నట్టు వాడేవారు. రెండో గుడిలో టైమ్ జోన్, అంటే రెండు దేశాల గడియారాల మధ్య తేడా, రెండున్నర గంటలు కలిపి చూసేవారు. సూర్యోదయానికి ఏ తిథి ఉంటే ఆ రోజుకు అదే తిథి కాబట్టి, ఆ రెండున్నర గంటల్లో పండగ ఒక రోజు అటో ఇటో అయిపోతుంది. ఆ తేడా ఎక్కడ పుడుతుందో తెలుసుకోవడానికి పాత పుస్తకాలు కొని, లెక్క నేర్చుకుని, స్ప్రెడ్‌షీట్‌లో పెట్టుకున్నాను. ఇప్పుడు నాలుగు ప్రెస్సులు, ఏడు గుళ్లు నా పట్టికలు వాడుతున్నాయి.

ఆ రోజు తెలుక్ ఇంటాన్ నుంచి బస్సులో ఒకావిడ వచ్చింది. పేరు అప్పలనరసమ్మ, వయసు అరవై దాటింది, స్కూల్ క్యాంటీన్ నడిపి మానేసిందట. చదరపు బిస్కట్ డబ్బా ఒకటి నా బల్ల మీద పెట్టి, కుర్చీలో కూర్చోకుండానే అడిగింది.

"తమ్ముడూ, నీకు లాటిన్ వచ్చునా?"

"రాదక్కా."

"ఇంగ్లీసు?"

"పనికి సరిపడా."

"మరేటొచ్చు నీకు?"

"అంకెలొచ్చు."

"అయితే సాలు. ఇందులో సగం అంకెలే ఉన్నాయి." అప్పుడు కూర్చుంది.

డబ్బాలో పాత చీర ముక్క, దాని మడతల్లో అరచేతికి కొంచెం పెద్దదైన పుస్తకం. అట్ట తోలుది. లోపలి పుటలు కాగితం కాదు, వెల్లమ్. అంటే దూడ తోలును సున్నంలో నానబెట్టి, గీకి, బిగించి ఆరబెట్టిన పుట. వేలితో తడిమితే ఒక వైపు నున్నగా తెల్లగా ఉంది. రెండో వైపు కొంచెం పసుపు, వెంట్రుకలు ఉన్నచోట సన్నటి చుక్కలు. తెరిచిన ప్రతిచోటా తెలుపుకు ఎదురుగా తెలుపు, పసుపుకు ఎదురుగా పసుపు వచ్చేలా మడిచారు. చేసినవాళ్లు తొందరపడలేదని అర్థమైంది.

పుస్తకాన్ని ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయం వాళ్లు అప్పటికే చూశారు. బుక్ ఆఫ్ అవర్స్ అంటారట. పగలూ రాత్రీ ఏ వేళకు ఏ ప్రార్థన చదవాలో చెప్పే లాటిన్ పుస్తకం. ఫ్రాన్స్ ఉత్తరాన, అచ్చు యంత్రం ఇంకా రాని రోజుల్లో, చేతితో రాసినదని వాళ్ల అంచనా. మొదటి పన్నెండు పుటలు క్యాలెండర్, నెలకొక పుట.

"అది సరే అక్కా, నా దగ్గరికెందుకు తెచ్చినావు?"

ఆవిడ సంచిలోంచి ఒక ప్రింటవుట్ తీసింది. గ్రంథాలయం వాళ్లు పుస్తకాన్ని తీసుకుని భద్రపరుస్తామన్నారు. తీసుకునే ముందు దాని ప్రొవెనెన్స్, అంటే ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారిందో, విచారించారు. ఆ విచారణ ఇంగ్లండులో ఒకావిడకు చేరింది. నరసమ్మక్క తాత పనిచేసిన రబ్బరు ఎస్టేటుకు మేనేజరుగా ఉన్న దొర మనవరాలు ఆవిడ. తన తాత 1915లో ఎస్టేటుకు వచ్చి 1933లో వెళ్లిపోయాడనీ, ఈ పుస్తకం తమ కుటుంబంలో పోయిన వస్తువుల జాబితాలో ఉందనీ, మీ ఇంటికి ఎలా వచ్చిందో చెప్పగలరా అనీ మర్యాదగా రాసింది.

"ఈ సూరత్, ఈ ఉత్తరం సదివిన కాడి నుంచీ నాకు నిద్ర నేదు," అంది నరసమ్మక్క. "కూలీ లైన్లలో మమ్మల్ని 'దొర బుక్కోళ్లు' అనేవోళ్లు. గుంటలప్పుడు అదేదో గొప్ప అనుకున్నాం. ఇప్పుడు తెలిసినాది ఎందుకనేవోళ్లో. మా తాత దొంగో కాదో తేల్చు తమ్ముడూ. దొంగ సొత్తయితే నానే పోస్టులో ఏసి పంపుతాను. కానీ ముందు నాకు తెలియాల."

తాత పేరు సింహాద్రి. రబ్బరు పాలు గీసే కూలీ. సంతకం, తెలుగు అంకెలు తప్ప చదువు లేదు. అట్ట లోపలి వైపు పుస్తకం యజమానుల పేర్లు ఒకదాని కింద ఒకటి ఐదు ఉన్నాయి. మొదటి మూడూ వేర్వేరు కాలాల చేతిరాతలు, ఒక్కొక్కటీ కొట్టేసి ఉంది. నాలుగోది దొర పేరు, కొట్టెయ్యలేదు. ఐదోది తెలుగులో 'సింహాద్రి'. ఇచ్చానని గానీ పుచ్చుకున్నానని గానీ ఎక్కడా లేదు.

ఆవిడ వెళ్లేలోగా క్యాలెండర్ పుటలన్నీ ఫోన్‌లో ఫొటోలు తీసుకున్నాను. పుస్తకం ఆవిడతోనే వెళ్లింది.

ఆ రెండు వారాలు నా పని పక్కన పడింది. ప్రతి పుట అంచునా సూదితో పొడిచిన రంధ్రాలు ముప్పై మూడు. వాటిని కలుపుతూ గీతలు గీశారు. ముప్పై ఒక్క రోజులు, పైన శీర్షికకు రెండు వరసలు. ఫిబ్రవరి పుటలో అడుగున మూడు గీతలు ఖాళీ. పెద్ద పండగలు ఎర్ర సిరాతో, చిన్నవి నల్ల సిరాతో. మన క్యాలెండర్లలో సెలవులు ఎర్రగా వేసేది ఇప్పటి అలవాటు కాదన్నమాట.

ఎడమ చివర రోమన్ అంకెల వరస ఒకటుంది. జనవరిలో పై నుంచి కిందికి చదివాను. 3, 11, 19, 8, 16, 5, 13, 2, 10. మధ్య మధ్య ఖాళీలు. ఒక్క నిమిషంలో దొరికింది. ప్రతిసారీ ఎనిమిది కలుపు, పంతొమ్మిది దాటితే పంతొమ్మిది తీసెయ్యి. పంతొమ్మిది అనగానే నాకు లాటిన్ అక్కర్లేకపోయింది. పంతొమ్మిదేళ్లకు ఒకసారి మన పుట్టినరోజు తేదీ, తిథి మళ్లీ కలుస్తాయి. పంచాంగం లెక్క వేసేవాడెవడికైనా తెలిసిన సంగతి. ఆ వరస అమావాస్యల పట్టిక. సంవత్సరాన్ని పంతొమ్మిదితో భాగించి శేషానికి ఒకటి కలిపితే ఆ ఏటి అంకె వస్తుంది. ఆ అంకె ఏ తేదీ పక్కన ఉంటే ఆ రోజు చంద్రుడు మొదలు.

2023కు అంకె పది. మార్చి పుటలో పది 14వ తేదీ పక్కన ఉంది. నా పట్టికలో అమావాస్య ముగిసేది 22 తెల్లవారుజామున. ఎనిమిది రోజుల తేడా. ఇంకో సంవత్సరం చూశాను, మళ్లీ ఎనిమిదే. ఆ పుస్తకం రాసిన తరవాత యూరప్‌లో క్యాలెండర్‌ను సరిదిద్దారు. దాని వల్ల తేదీలు ఇప్పటికి పదమూడు రోజులు ముందుకు జరిగాయి. పాత పట్టికలోని చంద్రుడు నెమ్మదిగా ఐదు రోజులు వెనక్కు జారాడు. పదమూడులోంచి ఐదు పోతే ఎనిమిది. ఎన్నో వందల ఏళ్ల కిందటి ముక్కు మొహం తెలియని మనిషి పట్టిక నా గదిలో సరిపోతుంటే, టీ చల్లారిపోయినా తెలియలేదు.

సెప్టెంబరు పుటలో ఆ రాతగాడు ఒక తప్పు చేశాడు. ఏడు వరసల పాటు అంకెలు ఒక గడి కిందికి జారాయి. చాకుతో గీకి మళ్లీ రాశాడు, గీకిన చోట తోలు ఫొటోలో కూడా కాస్త గరుకుగా కనిపించింది. స్ప్రెడ్‌షీట్‌లో నాకూ ఇదే జరుగుతుంది. ఒక గడి జారితే అక్కడి నుంచి అన్నీ తప్పే. అతనికీ ఎవరో చూపించి ఉంటారు.

అయితే నరసమ్మక్క అడిగింది ఇది కాదు. ఆవిడ ప్రశ్నకు జవాబు ఇంకో రకం గుర్తుల్లో ఉంది. తేదీల పక్కన ఊదా రంగు కాపీయింగ్ పెన్సిల్‌తో, ఎస్టేటు హాజరు పుస్తకాల్లో వాడే, మొన నాకితే సిరాలా అంటుకునే రకంతో, చిన్న గీతలు. రెండు చేతిరాతలు. దొర గీత పక్కన ఇంగ్లిష్‌లో వారం పేరు పొట్టిగా. సింహాద్రి గీత పక్కన తెలుగు అంకె, వారం మొదటి అక్షరం. ఉదాహరణకు జూలైలో సింహాద్రి '౨౪ ల' అని రాశాడు. మా ముసలమ్మ గురువారాన్ని లచ్చివారం అనేది, కాబట్టి నాకు ఇబ్బంది కాలేదు. అదే నెల 27 దగ్గర దొర ఆదివారమని రాశాడు. దొరవి తొమ్మిది గుర్తులు, సింహాద్రివి పదకొండు. నెలకు ఒక్కొక్కటి మించి లేవు, కొన్ని నెలల్లో అసలు లేవు. సంవత్సరం ఎక్కడా లేదు.

సంవత్సరం తెలిస్తే కథ తెలుస్తుంది. 27 జూలై ఆదివారం, 24 జూలై గురువారం అయ్యే సంవత్సరాలు 1900 నుంచి 1957 లోపు ఎనిమిదే ఉన్నాయి: 1902, 1913, 1919, 1924, 1930, 1941, 1947, 1952. వీటిలో ఏదో చంద్రుడు చెప్పాలి. నెలకొక గుర్తు అంటే పంచాంగం వాడికి అమావాస్యే. ఆ లెక్కన చూస్తే దొర గుర్తులు 1919తో సరిపోయాయి. సింహాద్రివి 1941తో సరిపోయాయి. ఇరవైలో ఐదు గుర్తులు ఒక రోజు తేడాగా ఉన్నాయి. పాతకాలపు మనుషులు, చూసుకోవడంలో పొరపాటు పడి ఉంటారనుకుని వదిలేశాను.

1919లో దొర ఎస్టేటులో ఉన్నాడు. 1941 నాటికి ఆయన వెళ్లిపోయి ఎనిమిదేళ్లు. అంటే దొర ఉండగా సింహాద్రి చెయ్యి ఈ పుస్తకం మీద పడినట్టు ఒక్క ఆధారమూ లేదు. దొర పోయిన తరవాతే అతను దీన్ని బయటకు తీసి వాడాడు. జాబితాలో 'పోయింది' అని రాసిన మాటకు ఇది చక్కగా అతికింది.

నేను ఫోన్ చేసి, ఉన్నదున్నట్టు చెప్పాను. లెక్క ఇంతవరకే చెబుతుందక్కా, దొంగతనం అని నేను అనడం లేదు అని కూడా అన్నాను.

"అనకపోతే మాత్రం ఏటి," అని పెట్టేసింది.

మూడో రోజు పొద్దున్న ఆవిడే చేసింది. పోస్టాఫీసులో ఉన్నానంది. పార్సిల్ కట్టించి, బరువు తూయించడానికి వరసలో నిలబడి చేస్తోంది.

"తమ్ముడూ, ఒకటి అడుగుతాను. ఏ సంవత్సరమన్నావు?"

"నలభై ఒకటి."

"డిసెంబర్లో కూడా గుర్తుందన్నావు కాదేటి. ఏ తేదీ?"

"పద్దెనిమిది, గురువారం."

"నలభై ఒకటి డిసెంబర్లో మా అమ్మ పుట్టినాది. ఎక్కడో తెలుసా? అడివిలో. జపానోడి ఇమానాలొస్తన్నాయని లైన్లన్నీ ఒగ్గేసి అందరూ అడివిలో కూకున్నారు. మా అమ్మమ్మ నొప్పులు పడతంటే మా తాత ఈ బుక్కు తీసి, పెన్సిలు నాకి, గీత ఎట్టినాడా? అంత తీరుబడి ఎక్కడిది లాహ్?"

పుట ఫొటో తీసి చూశాను. డిసెంబరు గీత మిగతా పది గీతలంత నిలకడగానే ఉంది.

"ఇంకోటి," అంది. "మా తాతకి పంచాంగం సదవడం ఏటొచ్చు? ఆడు సీకట్లో లేచి పెరట్టుకి, అదే కూలోళ్ల వరసకెల్లి, హాజరేయించుకుని, సెట్టు గీసుకునేవోడు. తెల్లారకుండా ఆడికి కనపడింది సెందమామే. ఆడు కళ్లతో సూసిందే రాసుంటాడు."

"అక్కా," అన్నాను, "ఆ పార్సిల్ ఇవ్వకు. వరసలోంచి బయటికొచ్చీ."

"నా ఎనకాల ముగ్గురే ఉన్నారు. ఇప్పుడా సెప్తావు!"

ఫోన్ పెట్టేశాక నా మీద నాకే కోపం వచ్చింది. ప్రతి ఏడూ రంజాన్ ముందు నెలవంక కనపడిందో లేదో టీవీలో ప్రకటించే దేశంలో పుట్టి పెరిగాను. నెల అంటే కంటితో చూసేది కూడా అని నాకు తట్టలేదు. లెక్కకట్టిన అమావాస్య అయితే పన్నెండు నెలలకు పన్నెండు గుర్తులు ఉండాలి. తొమ్మిదీ, పదకొండూ ఎందుకున్నాయి? మబ్బు పట్టిన రోజున కనపడలేదు కాబట్టి. మన దగ్గర వాన సాయంత్రాలే ఎక్కువ, అందుకే సాయంత్రం చూసేవాడికి గుర్తులు తక్కువ. ఆ ఖాళీలే నాకు జవాబు చెబుతుంటే, నేను నిండిన గడులను మాత్రమే లెక్కపెట్టాను.

మళ్లీ మొదలుపెట్టాను. సింహాద్రి రాసింది అమావాస్యకు ముందు తెల్లవారుజామున చివరిసారి కనపడిన వంక. దొర రాసింది అమావాస్య దాటాక సాయంత్రం కనపడిన నెలపొడుపు. ఒకరిది అమావాస్యకు రోజున్నర, రెండు రోజుల ముందు. మరొకరిది అంతే తరవాత. ఇక్కడే ఈ వృత్తిలో నేను మరచిపోలేని ఉచ్చు ఉంది. పదకొండేళ్లలో మూడు లీపు రోజులు పడితే తేదీ, వారం అచ్చంగా మళ్లీ కలుస్తాయి, అమావాస్య మాత్రం రెండు రోజులకు కాస్త తక్కువ తేడాతో ముందే వచ్చేస్తుంది. ఇద్దరూ రాసింది అమావాస్యే అనుకుని నేను ఆ రెండు రోజులు తప్పుగా తీసుకోవడంతో దొర పదకొండేళ్లు వెనక్కి పోయాడు, సింహాద్రి పదకొండేళ్లు ముందుకు పోయాడు. ఒకే ఏడాదిలో ఉన్న ఇద్దరినీ ఇరవై రెండేళ్ల దూరం చేశాను.

ఆ ఏడాది 1930. ఆ జూలైలో అమావాస్య ముగిసింది 26 తెల్లవారుజామున. 24 పొద్దున్న చివరి వంక, 27 సాయంత్రం నెలపొడుపు. ఇరవై గుర్తులూ కూర్చున్నాయి. ఒక రోజు తేడా అని నేను వదిలేసిన ఐదూ కూడా.

ఫోన్‌లో చెప్పి ఊరుకోవడానికి మనసొప్పలేదు. మరుసటి రోజు భూతద్దం పట్టుకుని తెలుక్ ఇంటాన్ బస్సెక్కాను. నరసమ్మక్క వంటింటి బల్ల మీద పార్సిల్ కట్టు విప్పింది. ఇంకో సాక్ష్యం ఏదైనా ఉందా అని పుటపుటా చూశాను. జనవరిలో రోమన్ అంకెల వరసలో పన్నెండు కింద సూదిమొనంత ఊదా చుక్క. ఫిబ్రవరిలోనూ పన్నెండు కిందే. అలా డిసెంబరు దాకా. నా ఫొటోల్లో అది పడలేదు.

"అక్కా, ఒక కాగితమియ్యి. 1930ని పంతొమ్మిదితో భాగించు."

ఆవిడ క్యాంటీన్ లెక్కలు చేసిన చెయ్యి. నాకంటే ముందే చెప్పింది. "శేషం పదకొండు."

"ఒకటి కలుపు."

"పన్నెండు." నా మొహంలోకి చూసింది. "పన్నెండయితే ఏటి?"

"1919కి ఒకటి వస్తాది, 1941కి నాలుగు. పన్నెండు 1930కే. దొర ఆ యేటి అంకె కింద చుక్కలెట్టుకుని, పుస్తకం సెప్పిన నెలా, కంటికి కనపడిన నెలా ఎంత తేడాగా ఉన్నాయో సూసుకున్నాడు. సాయంత్రం సంగతి ఆయన సూసినాడు. తెల్లారగట్ల సంగతి ఎవరు సెప్పాల? ఆయన అప్పటికి లేవడు. మీ తాతని అడిగినాడు. అడగడమే కాదు, పుస్తకం సేతికిచ్చి నువ్వే రాయమన్నాడు. ఒక ఏడాదంతా. దొరకి ఇంకా మూడేళ్ల ఉద్యోగముంది అప్పటికి."

నరసమ్మక్క జూలై పుట మీద వేలు పెట్టకుండా, పైన గాలిలో వేలు ఉంచి ఆ రెండు గీతలనూ చూసింది. కళ్లు తుడుచుకుంది. తరవాత నా వైపు తిరిగింది.

"నీ లెక్క తప్పడం వల్ల రెండు రోజులు నాను అన్నం ముట్టనేదు. మా తాత ఫొటో ఎనక్కి తిప్పి పెట్టినాను. ఆడికి నువ్వే సెప్పుకో, ఎల్లు."

వెళ్లి చెప్పుకున్నాను. ఫొటోలో సింహాద్రి తల పాగా సరిగ్గా లేకుండా, నవ్వకుండా ఉన్నాడు. తిరిగొచ్చేసరికి ఆవిడ చేపల పులుసు వేడిచేస్తోంది.

ఇంగ్లండుకు పంపిన రిపోర్టులో నాకు తెలిసినంతే రాశాను. 1930లో ఈ పుస్తకాన్ని ఇద్దరూ ఇష్టపూర్వకంగా కలిసి వాడారు, ఇందుకు ఇరవై గుర్తులు, పన్నెండు చుక్కలు సాక్ష్యం. 1933లో పుస్తకం ఎలా చేతులు మారిందో అంకెలు చెప్పవు. నా మొదటి లెక్క ఎందుకు తప్పిందో కూడా ఒక పేజీ జతచేశాను. అది పెట్టొద్దని నరసమ్మక్క అంది. పెట్టకపోతే రెండో లెక్కను ఎవరూ నమ్మక్కర్లేదని నేనన్నాను.

జవాబుకు ఐదు వారాలు పట్టింది. దొర మనవరాలు ఆ పాత జాబితాను మళ్లీ తీసి చూసిందట. అది ఓడ దిగాక తన నాయనమ్మ రాసినది. పెట్టెల్లో లేని వస్తువులన్నీ అందులో ఉన్నాయి, వంటమనిషికి ఇచ్చిన గడియారంతో సహా. 'దొంగిలించారు' అనే మాట అందులో ఎక్కడా లేదు, అది తరవాతి వాళ్లం మేమే చెప్పుకున్నాం అని రాసింది. తాత సాయంత్రాలు వరండాలో నిలబడి ఆకాశం చూసేవాడని మాత్రం ఇంట్లో అందరికీ తెలుసట. పొద్దున్న మనిషి ఎవరో తమకు ఇప్పుడే తెలిసిందట. తమకు ఏ హక్కూ వద్దనీ, గ్రంథాలయం పత్రంలో రెండు పేర్లూ ఉంటే చాలుననీ సంతకం చేసింది.

పుస్తకం ఇప్పుడు గ్రంథాలయంలో ఉంది. వివరాల పత్రంలో రాతగాడి పేరు దగ్గర 'తెలియదు' అని ఉంది. యజమానుల వరసలో చివరిది 'సింహాద్రి, రబ్బరు కూలీ'. 'దొర దగ్గర నుంచి వచ్చింది' అని మాత్రమే రాసి, ఎలా అన్నచోట ఖాళీ వదిలారు. ఖాళీ వదలడమే సరైన పని అని నాకు అనిపించింది.

ఈ పనిలో నాకు అంకెలు తప్పిన సందర్భాలు చాలానే ఉన్నాయి. అవి దొరికిపోతాయి, సరిదిద్దుకుంటాను. ఇక్కడ నా అంకెలు ఒక్కటి కూడా తప్పలేదు. కూడికలు సరి, భాగహారాలు సరి, వారాలు సరి. ఆ సరైన అంకెలతోనే ఒక మనిషి మీద దొంగతనం దాదాపుగా మోపేశాను, ఎందుకంటే అతను చంద్రుణ్ణి నాలాగే బల్ల దగ్గర కూర్చుని చూశాడనుకున్నాను. అంతకుముందు నా పట్టికల్లో తేదీ, వారం, తిథి అని మూడు గడులు ఉండేవి. పాత గుర్తులు ఏవి చూడాల్సి వచ్చినా ఇప్పుడు వాటికి ముందు ఇంకో గడి పెట్టుకుంటున్నాను. ఎవరు చూశారు, ఏ వేళ, ఎక్కడ నిలబడి. అది నిండేదాకా మిగతా మూడింటి జోలికి పోను.